అనుపల్లవిలో ముడి

ఆయన ఎవరినీ ఎప్పుడూ "బాగా వాయించారు" అనలేదు. ఆయన పేరెత్తగానే నాకు మొదట గుర్తొచ్చే సంగతి అదే. బెజవాడలో మేం ఫిడేలు నేర్చుకునే రోజుల్లో మమ్మల్ని అందరికంటే ఎక్కువగా మెచ్చుకున్న మనిషి ఆయనే, కాని ఆ మెప్పులో "బాగుంది" అన్న మాట ఒక్కసారి కూడా దొర్లేది కాదు. "రెండో కాలంలో మీ ధైవతం ఇవాళ నిలబడిందండి" అనేవారు. "నిన్న కమాను మొదట్లో ఒక గరగర ఉండేది చూశారా, అది సగం పోయిందండి" అనేవారు. ఒకసారి ఎంత వెతికినా ఏమీ దొరక్క, "ఇవాళ మీ కూచోవడం కుదిరిందండి" అన్నారు నాతో. ఆ పూట నేను ఎంత ఘోరంగా వాయించి ఉంటానో మీరే ఊహించుకోండి.

ఒకనాడు నేనే ఉండబట్టలేక అడిగాను, బాగుంది అనడానికి మీకు నోరు రాదా బాబాయిగారూ అని.

"బాగుంది అనేది వినని వాళ్ళు అనే మాటండి అమ్మాయిగారూ," అన్నారు. "కొట్లో రోజూ చూస్తన్నానుగా. చీర కొనని ఆవిడ బాగుంది బాగుంది అంటుద్ది. కొనే ఆవిడ అట్టా అనదు. అంచు పట్టుకు చూస్తుద్ది, వెలుగులోకి ఎత్తుద్ది, పోగు లాగి చూస్తుద్ది."

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం ఒకతను మా ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. చేతిలో గళ్ళ దుప్పటి చుట్టిన పొడుగాటి మూట. గుమ్మంలో నిలబడి "ఫిడేలు చెప్పే టీచరుగారిల్లు ఇదేనాండీ" అన్నాడు. ఆ 'అండీ'ని చివర కొంచెం సాగదీసిన తీరులోనే నాకు ఎవరి కొడుకో తెలిసిపోయింది.

"మా నాన్నగారు పోయారండి. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇది మీకు ఇచ్చి రమ్మన్నారు," అని మూట నా ముందు పెట్టాడు.

నేను చాలాసేపు దాన్ని విప్పలేదు. అతను చెప్పిన సంగతులు తరువాత చెబుతాను. ముందు ఆయన్ని ఒకసారి చూసుకోనివ్వండి. కళ్ళు మూసుకుంటే ఆయన ఇంకా మా మాస్టారి వసారాలోనే కూర్చుని ఉన్నారు.

మాస్టారి ఇల్లు బందరు కాలువ గట్టు మీద. తూర్పు వసారాలో మాకు పాఠం. పొద్దుటి ఎండ కాలువ నీళ్ళ మీద పడి, అక్కణ్ణించి లేచి, వసారా దూలాల మీద కదులుతూ ఉండేది. పడవ వెళితే ఆ వెలుగంతా చెదిరిపోయి మళ్ళీ నెమ్మదిగా సర్దుకునేది. శ్రుతిపెట్టె మోగుతూ ఉండేది. తల ఎత్తితే పైన వెలుగు, దించితే ఒళ్ళో ఫిడేలు. ఇన్నేళ్ళయినా ఎక్కడ శ్రుతిపెట్టె మోగినా నాకు ముందు ఆ దూలాలే కనిపిస్తాయి. అందులో ఏది వినికిడో, ఏది చూపో విడదీసి చెప్పమంటే నావల్ల కాదు.

ఆ వసారాలో నాలుగు చాపలు పట్టేవి. అందుకని మాస్టారికి నలుగురే శిష్యులు. ఒక చాప మీద ప్లీడరుగారబ్బాయి, ఒక చాప మీద రైల్వే గుమాస్తా ఒకాయన, ఒక చాప మీద నేను. నాకప్పుడు పదహారేళ్ళు. నాలుగో చాప మీద ఈయన. నలభైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉండేవారు. కుడి ముంజేయి ఎడమదానికంటే లావు. చేతికి ఏది తగిలినా బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నలిపి చూడటం ఆయనకు అలవాటు. చాప కొసైనా సరే, మామిడాకైనా సరే. పాఠం మధ్యలో ఒకసారి మాస్టారి ఉత్తరీయం కొస కూడా అలాగే నలిపి చూసి, మాస్టారు కళ్ళెర్రజేస్తే, "నలభయ్యో నెంబరు నూలండి, ముడత పడదు" అని వదిలేశారు.

ఆయన చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో నేతగాడు. ఇంట్లో రెండు మగ్గాలు. యుద్ధం వచ్చి నూలుకు కంట్రోలు పెట్టాక ఆ రెండు మగ్గాలూ ఆగిపోయాయి. పెళ్ళాంబిడ్డల్ని ఊళ్ళో ఉంచి, బెజవాడలో చెల్లెలింట్లో మకాం పెట్టి, వన్‌టౌనులో ఒక బట్టల కొట్లో గుడ్డలు కొలిచే పనికి కుదిరారు. ఫిడేలు మాత్రం ఊరినుంచి వెంట తెచ్చుకున్నారు. ఊళ్ళో హరికథలకు వాయించే ముసలాయన ఒకాయన పోతూ పోతూ ఇచ్చిపోయిన ఫిడేలు అది. పదేళ్ళు మగ్గం పైన దూలానికి వేలాడిందట.

"అప్పుడు చెయ్యి ఖాళీ లేదండి. ఇప్పుడు నూలు లేదు, చెయ్యి ఖాళీ," అని మాస్టారితో చెప్పుకున్నారు. "నూలొచ్చేదాకా నేర్చుకుంటానండి."

"నూలెప్పుడొస్తుందోయ్?" అన్నారు మాస్టారు.

"వస్తే ముందు మీకే చెప్తానండి."

మాస్టారు నవ్వడం నేను చూసింది బహు తక్కువ. ఆరోజు నవ్వి, నాలుగో చాప పరిపించారు.

వచ్చిన పదో రోజున ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొద్దున్నే వచ్చి కూర్చుని, కమాను తీగ మీద పెట్టి లాగారు. చప్పుడు లేదు. మళ్ళీ లాగారు. కమాను ఇటునుంచి అటు హాయిగా జారిపోతోంది, ఫిడేలు మాత్రం నోరు విప్పడం లేదు. మాస్టారు వచ్చి కమాను వెంట్రుకలు ముట్టుకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఏం రాశావయ్యా దీనికి?"

"కొబ్బరినూనండి. బరబరా పట్టేస్తంది కదండీ, నున్నగా నడుస్తుద్దని."

ప్లీడరుగారబ్బాయి చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. ఆయన తప్పేముంది పాపం. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె పట్టేస్తే నూనె రాస్తారు, పలక కిర్రుమంటే నూనె రాస్తారు. రెండు వస్తువులు రాసుకునే చోట నూనె చుక్క వేయడం ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పని. కమాను తీగను పట్టుకుంటేనే ఫిడేలు పలుకుతుందని, ఆ పట్టుకోసమే దానికి గుగ్గిలం బిళ్ళ రాస్తారని ఆయనకెవరు చెప్పారు?

యుద్ధం రోజుల్లో కమానుకు కొత్త వెంట్రుకలు వేయించాలంటే మద్రాసు పంపాలి, పంపినా దొరుకుతాయన్న నమ్మకం లేదు. అప్పుడు మాస్టారి భార్య లోపలినుంచి వచ్చి, జుట్టే కదా, తలంటిపోయండి అంది. నిజంగానే పోశాం. నేను కుంకుడుకాయలు నలగ్గొట్టి రసం తీశాను. ఆయన కమాను కర్ర తడవకుండా ఎత్తి పట్టుకున్నారు. వెంట్రుకలకు నురగ పట్టించి, కడిగి, మళ్ళీ పట్టించి, గట్టు మీద ఎండలో ఆరబెట్టాం. తలంటుకున్న పిల్లను ఎండలో కూర్చోబెట్టినట్టే ఉంది. ఆయన దాని పక్కనే కాపలా కూర్చున్నారు.

"మా మగ్గానికి పట్టకూడదండి, ఇక్కడ పట్టాలి," అన్నారు చివరికి, ఎవరితోనో చెబుతున్నట్టు. "పట్టిన చోటే పలుకుద్దన్నమాట."

ఆ రోజుతో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నిజం చెప్పాలంటే ఆయన ఎడమచెయ్యికి సంగీతం అంతగా రాలేదు. వేలికొసలు కాయలు కాసి, తీగ ఎక్కడ ఉందో వాటికి తెలిసేది కాదు. గమకం వేయబోతే స్వరం పక్కకు జారిపోయేది. కుడిచెయ్యి మాత్రం వేరే మనిషిది. ఉత్త షడ్జం పట్టుకుని, కమానును మొదటినుంచి కొసదాకా లాగితే, ఆ నాదం ఎక్కడా సన్నబడేది కాదు, ఎక్కడా ఉబ్బేది కాదు. కాలువలో పడవ కనుచూపు మేర నుంచి వచ్చి, మన ముందు నుంచి వెళ్ళి, మలుపు తిరిగేదాకా ఆ ఒక్క లాగుడు సాగేదనిపించేది. అంతసేపు సాగదని నాకు తెలుసు. జ్ఞాపకంలో మాత్రం సాగుతుంది.

కమాను తిరగేసే చోటు మా అందరికీ గండం. కిందికి లాగిన కమానును మళ్ళీ పైకి తోసేటప్పుడు నాదం ఒక్క క్షణం చిరుగుతుంది. మాస్టారు తిట్టేవారే గాని, ఎలా సరిచేసుకోవాలో మాటల్లో చెప్పేవారు కాదు. ఆ తిట్లలోనే పాఠం వెతుక్కోవాలి. ఈయన ఒకరోజు తన భుజం మీద తువ్వాలు తీసి నా ముందు పరిచారు.

"అంచు చూడండి అమ్మాయిగారూ. నాడె ఇటునుంచి అటెళ్ళి మళ్ళీ తిరిగేది ఇక్కడే. మధ్యలో ఎవడైనా నేస్తాడండి. నేతగాడి చెయ్యి అంచులో తెలుస్తుద్ది. తిరిగే చోట గట్టిగా లాగితే అంచు లోపలికి పోద్ది, వదిలేస్తే వదులైపోద్ది. లాగనూ కూడదు, వదలనూ కూడదు. కొస దగ్గర పడతా ఉండగానే తిరుగుడు గురించి అనుకోవాలండి."

నేను ఆ తువ్వాలు అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపాను. ఆ పూట నుంచి కమాను పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర కొంచెం మెత్తబడింది. మర్నాడు ఆయన అన్నారు, "ఇరవై తిరుగుళ్ళలో మూడింటికి అంచు కుదిరిందండి." నేను లెక్కపెట్టుకోలేదు, ఆయన లెక్కపెట్టారు. రైల్వే గుమాస్తా గారు కూడా తువ్వాలు అడిగి చూశారు. కొన్నాళ్ళకు నవ్విన ప్లీడరుగారబ్బాయి కూడా వాయించడం ఆపగానే ఓరగా ఆయనవైపు చూడటం మొదలుపెట్టాడు, నా అంచు ఎలా ఉందని. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళం నోరు మూసుకుని మా వంతు కోసం కాచుక్కూర్చునే ముగ్గురం, ఆయన వచ్చాక ఒకళ్ళ కోసం ఒకళ్ళం చెవులు పెట్టుకుని వినడం నేర్చుకున్నాం.

నాకు మాత్రం అంచుకంటే పెద్ద రోగం ఒకటుండేది. వాయిస్తూ వాయిస్తూ ఎక్కడైనా ఒక స్వరం తప్పితే ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేదాన్ని. తప్పును వెనక వదిలి ముందుకు వెళ్ళడం నా ప్రాణానికి పడేది కాదు. మేం వర్ణం దాకా వచ్చేసరికి ఇది బాగా ముదిరింది. పల్లవి అయిపోయి అనుపల్లవిలో పై షడ్జానికి ఎక్కే చోట ఒక మెట్టుంది. రోజూ అక్కడ తప్పేదాన్ని, రోజూ మళ్ళీ పల్లవి.

"నీ వర్ణానికి తలకాయ తప్ప మొండెం లేదే!" అని మాస్టారు ఒకరోజు విసుగెత్తి లేచి లోపలికి వెళ్ళిపోయారు.

విజయదశమి ఇంకా నెల ఉంది. ఆ రోజున మాస్టారింట్లో ఫిడేళ్ళకు పూజ చేసి, ఒక్కొక్క శిష్యుడి చేతా పెద్దల ముందు వాయింపించేవారు. మాస్టారి నిబంధన ఒకటే. ఎత్తుకున్నది చివరిదాకా వాయించాలి, మధ్యలో ఆగినవాళ్ళ చాప చుట్టేస్తారు. ఆ చాప మీదికి కొత్తవాళ్ళు వస్తారు. మా ఇంట్లో మేనత్త ఆడపిల్లకు ఫిడేలేమిటని రోజూ సతాయిస్తుంటే, మా నాన్న ఆవిడతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. మాస్టారు ఉంచితే నేర్చుకుంటుంది, తీసేస్తే మానేస్తుంది, అప్పటిదాకా నువ్వు నోరెత్తకు అని. అంటే నా ఫిడేలు బతుకంతా ఆ అనుపల్లవి మెట్టు మీద ఉంది.

మాస్టారు లేచి వెళ్ళిపోయాక నేను తల దించుకుని కన్నీళ్ళు ఫిడేలు మీద పడకుండా చూసుకుంటున్నాను. ఆయన తన చాప నా దగ్గరికి జరుపుకున్నారు.

"ఒక మాట అడుగుతాను, చెప్పండి. మగ్గం మీద పోగు తెగితే మేం ఏం చేస్తాం?"

"కడతారు," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఎక్కడ?"

"తెగిన చోట."

"బట్టంతా విప్పేసి మొదట్నుంచి నేస్తామా?"

"అలా చేస్తే ఎప్పటికవుతుంది?"

"మరి తమరు చేసే పనేంటండీ?"

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక చిన్న మెలిక తిప్పారు. కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయింది. తెగిన పోగును అతికే తీరు అది. "మొదలుకేం రోగమండీ, అది శుభ్రంగానే ఉంది. తెగిన చోటే ముడెయ్యండి, నడవండి. ముడి నేసినోడికి కనపడుద్ది. కట్టుకునే వాళ్ళకి కనపడదు."

ఆ నెలంతా ఆయన నాతో ఆడిన ఆట ఇదీ. మాస్టారు రాకముందు అరగంట వచ్చేవాళ్ళం. నేను వర్ణం వాయిస్తుంటే ఆయన తొడ మీద తాళం వేసేవారు. ఉన్నట్టుండి ఎక్కడో ఒకచోట "తెగిందండి!" అనేవారు. అప్పుడు నేను కమాను ఎత్తేయాలి. ఆయన తాళం మాత్రం ఆగదు. వేళ్ళతో మెలిక తిప్పగానే తాళం ఎక్కడికి వచ్చిందో అక్కడ అందుకోవాలి. మొదట్లో దారీ తెన్నూ తెలిసేది కాదు. వారం తిరిగేసరికి వర్ణంలో ఏ గుమ్మంలోంచి తోసినా లోపలికి వెళ్ళగలిగాను. తరువాత ఆయన నోటితో అనడం మానేశారు. నేను ఎక్కడైనా తడబడితే ఆ రెండు వేళ్ళు లేచేవి, అంతే. అవి చూస్తే నా చెయ్యి దానంతటది ముందుకు వెళ్ళేది.

"మరి మీరో?" అని అడిగాను ఒకరోజు. ఆయన వర్ణం కూడా ఎప్పుడూ చివరిదాకా వెళ్ళలేదు.

ఆయన దూలాల మీద కదిలే వెలుగు చూస్తూ అన్నారు, "నాకు కచేరీలొద్దండి, ఏమొద్దు. తల నుంచి తోక దాకా ఒక్కసారి, ఆగకుండా, నా చేత్తో నేను వినాలండి. అది వింటే చాలు. తరవాత నూలొచ్చినా పర్లేదు."

విజయదశమి నాడు ఊరంతా కొండ మీదికే వెళుతోంది. డప్పుల మోత కాలువ గట్టు దాకా వినిపిస్తోంది. మాస్టారి వసారాలో ఫిడేళ్ళకు పసుపు కుంకాలు పెట్టి, పెద్దల్ని కూర్చోబెట్టారు. మా నాన్న ముందు వరసలో ఉన్నాడు. మేనత్త కూడా వచ్చి కూర్చుంది, నా చాప చుట్టేయడం కళ్ళారా చూడాలని.

ఆయన ఆ రోజు కొంచెం ఆలస్యంగా వచ్చారు. వస్తూనే మాస్టారి దగ్గరికి వెళ్ళి, "నూలొచ్చిందండి మాస్టారూ. ఊరినించి పడవాయన కబురు తెచ్చాడు. మా ఆవిడ మగ్గానికి పడుగు పోగులు కూడా సిద్ధం చేసిందంట. మధ్యాన్నం పడవకి ఎల్లిపోవాలండి," అన్నారు. ముందు మీకే చెప్తానన్న మాట నిలబెట్టుకున్నారు. మాస్టారు తలూపి, "అయితే వాయించి వెళ్ళు" అన్నారు.

ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని శ్రుతిపెట్టె పట్టాలి, అంటే చేత్తో దాని తిత్తి ఆడించాలి. మా ముగ్గురికీ ఆయనే ఆడించారు. ప్లీడరుగారబ్బాయి గడగడా వాయించేశాడు. గుమాస్తాగారు చెమటలు కక్కుతూ గట్టెక్కారు. తరువాత నా వంతు.

పల్లవి ఎలా వాయించానో నాకు తెలియదు. అనుపల్లవి ఎత్తుకున్నాను. ఆ మెట్టు వస్తోంది, వస్తోంది అనుకుంటూ ఉండగానే వచ్చేసింది. వేలు పై షడ్జానికి ఒక వెంట్రుకవాసి కిందే ఆగిపోయింది. ఆ అపస్వరం నా చెవికి పిడుగులా తగిలింది. కమాను ఎత్తాను. మేనత్త కుదురుగా కూర్చోవడం కంటికొసల్లో కనిపించింది. పల్లవి నన్ను వెనక్కి పిలుస్తోంది. అప్పుడు పక్కకు చూశాను. ఆయన ఎడంచేత్తో శ్రుతిపెట్టె ఆడిస్తూనే, కుడిచెయ్యి మోకాలి మీద నుంచి బెత్తెడెత్తు లేపి, రెండు వేళ్ళు కలిపి మెలిక తిప్పారు.

అందుకున్నాను. మళ్ళీ పల్లవి, చరణం, స్వరాలు అన్నీ అయిపోయాయి. కమాను దించేసరికి దూలాల మీద వెలుగు నా కళ్ళలోంచి కారుతోంది. మా నాన్న లేచి నిలబడ్డాడు. మాస్టారు మేనత్తకేసి చూసి, "పిల్ల ఉంటుందమ్మా," అన్నారు.

ఇక్కడిదాకా చెప్పడం నాకు సులువే. ఎన్నోసార్లు చెప్పాను కూడా, నా దగ్గర నేర్చుకునే పిల్లలకు. దీని తరువాతది ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి వంతు ఆయనది. శ్రుతిపెట్టె పట్టు అని మాస్టారు నాకు చెప్పారు. ఆయన పక్కనే కూర్చుని తిత్తి ఆడిస్తున్నాను. కాని నేను అక్కడ లేను. మాస్టారి భార్య నా చేతిలో చలిమిడి పెట్టింది. ఎవరో పెద్దావిడ వెనకనుంచి నా జడ నిమిరి, ఎవరి పిల్లవమ్మా, ఎంత బాగా వాయించావూ అంటోంది. నేను పూర్తిగా వెనక్కి తిరిగి ఆవిడకు సమాధానం చెబుతున్నాను. నా చెయ్యి తిత్తి ఆడిస్తూనే ఉంది, నా చెవులు మాత్రం ఆవిడ మెచ్చుకోళ్ళు తాగుతున్నాయి.

ఫిడేలు ఆగిపోయిందని నాకు తెలిసింది ఉత్త శ్రుతి మోత ఒక్కటే మిగిలాకనే. తిరిగి చూసేసరికి ఆయన కమాను గాల్లో ఉంది. ఆయన మొహం నా వైపు తిరిగి ఉంది. ఎప్పటినుంచి అలా చూస్తున్నారో తెలియదు. నా రెండు చేతుల్లో ఒకటి తిత్తి మీద, ఇంకొకటి నిండా చలిమిడి.

ఆయన ఒక్క క్షణం చూసి, నవ్వి, కమాను దించేశారు. ఆయనే లేచి, తన చాప తనే చుట్టి, గోడకు ఆనించారు. బట్టల కొట్లో గుడ్డ తాను చుట్టినంత నీటుగా చుట్టారు.

పడవకు వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చారు. "అమ్మాయిగారూ, అనుపల్లవిలో మీరేసిన ముడి నాకొక్కడికే కనపడిందండి," అన్నారు, సంతోషంగా.

నేనేం అన్నానో తెలుసా? "మీరూ బాగా వాయించారు బాబాయిగారూ" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. తలూపి, గట్టు దిగి వెళ్ళిపోయారు. నేను అన్నదేమిటో నాకు తెలిసేసరికి పడవ మలుపు తిరిగింది. ఆ వాక్యం ఇన్నేళ్ళూ నా చెవిలో అలాగే ఉంది. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఏం రాయాలి? ఎక్కడ ఆగిపోయారో కూడా నాకు తెలియదు, వినలేదు కదా.

పోయిన వారం ఆయన కొడుకు ఎదురుగా కూర్చుని, నేనిచ్చిన కాఫీ ఊదుకుంటూ ఈ మాటలన్నీ చెప్పాడు. రేడియోలో నా వాయిద్యం వచ్చినప్పుడల్లా మగ్గం ఆపేవారట. పోయే ముందు, "బెజవాడలో అమ్మాయిగారని ఉంటారు, అనుపల్లవిలో ముడేసినావిడ, ఆవిడికివ్వండి" అన్నారట. అదేమిటో తమకెవరికీ అర్థం కాలేదన్నాడు.

"ఊరెళ్ళాక మళ్ళీ ఫిడేలు ముట్టుకున్నారా?" అని అడిగాను. అడగడానికే భయం వేసింది.

"రోజూ అండి. పొద్దున్నే మగ్గం ఎక్కేముందు. ఒకటే పాటండి, రెండోది రాదు ఆయనకి. ఒక చోటికొచ్చేసరికి ఆగిపోయేవారు. ఆగి పక్కకి చూసేవారండి. మా అమ్మ అక్కడ కండెలకి నూలు చుట్టుకుంటా ఉండేది. అమ్మకి సంగీతం ఏం తెలవదు. ఆయన చూస్తే, ఇట్టా అనేది."

అతను కాఫీ గ్లాసు కింద పెట్టి, రెండు వేళ్ళు కలిపి మెలిక తిప్పాడు.

"అప్పుడు?"

"అప్పుడు మిగతాది వాయించేవారండి. చివరిదాకా."

నాకు ఏడుపు ఆగలేదు. పరాయివాడి ముందు అలా ఏడవడం బాగోదని తెలుసు, అయినా ఆగలేదు. అతను కంగారుపడి లేవబోయాడు. కూర్చోబెట్టాను.

"ఆ పాట నీకొచ్చా బాబూ?"

"రాదండి. ఇన్నేళ్ళు విన్నాం కాబట్టి నేసేటప్పుడు కూనిరాగం తీస్తాం, అంతే."

"ఒకసారి తియ్యి."

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. కుడిచెయ్యి దానంతటదే నాడె తాడు లాగుతున్నట్టు కదులుతోంది. మగ్గం నడకలో ఉంది వర్ణం. స్వరాలు అక్కడక్కడా అరిగిపోయాయి గాని, తిరిగే చోటల్లా అంచు చెదరలేదు. పల్లవి అయింది. అనుపల్లవి ఎత్తుకున్నాడు. పై షడ్జానికి ఎక్కే మెట్టు దగ్గర, సరిగ్గా నేను తప్పిన చోటే, ఆగిపోయాడు. మరిచిపోయి కాదు. అతను విన్న పాటలో ఆ ఆగడం కూడా ఒక భాగం. ఆగి, అలవాటు కొద్దీ, పక్కకు చూశాడు. పక్కన నేనున్నాను.

నా వేళ్ళు వంకర పోయాయి ఈ మధ్య. అయినా చెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మెలిక తిప్పాను.

అతను అందుకున్నాడు.